పెట్రోల్లో ఇథనాల్ - మన పాత బండి సంగతేమిటి?

మన హాస్టల్లో చదువుకొని బయటికి వెళ్ళిన వారిలో చాలామందికి హైదరాబాదులో మొదటి ఆస్తి ఒక సెకండ్ హ్యాండ్ బండి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు ఉద్యోగానికి వెళ్ళే వారికైనా, ఉద్యోగం వెతుక్కునే వారికైనా ఆ బండి కాళ్ళతో సమానం. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్ళగుట్టల ప్రాంతం పెద్ద ఊరై కూర్చున్నది. అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చొనే వారు కొందరైతే, వారికి భోజనం, మందులు, సరుకులు బండి మీద చేరవేసే వారు మరికొందరు. కోచింగ్ ఫీజు కోసం, చెల్లెలి చదువు కోసం సాయంత్రం పూట డెలివరీకి వెళ్ళే కుర్రవాళ్ళు ఈ రెండో గుంపులో ఎందరో ఉంటారు.

ఈ మధ్య ఇటువంటి వారందరి నోటా ఒకటే మాట. "పెట్రోల్లో ఏదో కలుపుతున్నారంట. మైలేజీ పడిపోయింది. ఇంజన్ పాడైపోతుందంట." ఒకరు ట్యాంకులో ఫలానా మందు సీసా పోయమంటారు. ఇంకొకరు బండి అమ్మేయమంటారు. మూడో ఆయన అదంతా ఒట్టి పుకారు అంటాడు. ఇందులో నిజమెంత, భయమెంత, మన జేబులో ఉన్న కొద్ది డబ్బును దేని మీద ఖర్చు పెట్టాలి అనేది అర్థమయ్యేటట్లు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇథనాల్ అంటే ఏమిటి?

ఇథనాల్ ఒక రకమైన ఆల్కహాల్. చెరకు నుంచి పంచదార తీయగా మిగిలే మడ్డి (మొలాసిస్), చెరకు రసం, నూకలు, మొక్కజొన్న వంటి వాటిని పులియబెట్టి, బట్టీ పట్టి దీనిని తయారు చేస్తారు. అందులోని నీటిని దాదాపు పూర్తిగా తీసివేసిన తరువాతే పెట్రోల్లో కలుపుతారు. నూరు పాళ్ళలో పది పాళ్ళు ఇథనాల్ ఉంటే ఆ పెట్రోలును ఈ-10 అని, ఇరవై పాళ్ళు ఉంటే ఈ-20 అని పిలుస్తారు. ఇథనాల్ అసలే లేనిది ఈ-0.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. పెట్రోల్లో ఆల్కహాల్ కలపటానికి మన దేశంలో 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2001లో ప్రయోగాత్మకంగా మళ్ళీ మొదలుపెట్టి, 2003 జనవరి నుంచి 9 రాష్ట్రాలలో 5 శాతం కలపాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ తొమ్మిదింటిలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. అయితే ఇథనాల్ చాలినంత దొరకక పథకం చాలాకాలం నత్తనడక నడిచింది. 2013-14లో దేశవ్యాప్తంగా కలిసింది సగటున ఒకటిన్నర శాతమే. తరువాత వేగం పెరిగింది. 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ-20 అమ్మకాలు లాంఛనంగా ప్రారంభమైనాయి. మొదట 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కే చేరుకున్నారు.

ప్రభుత్వం చెప్పే కారణాలు మూడు: విదేశాల నుంచి కొనే ముడి చమురు ఖర్చు తగ్గుతుంది, రైతు పంటకు గిరాకీ పెరుగుతుంది, పొగలో విషవాయువులు తగ్గుతాయి. వీటిలో నిజం లేకపోలేదు. కాని దీనికి రెండో ముఖం కూడా ఉన్నది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దంటూ జనం రోడ్డెక్కారు. మా నీళ్ళు, మా గాలి ఏమవుతాయన్నది వారి ప్రశ్న. కాబట్టి ఏ ఇంధనమూ ఉచితంగా రాదు. ఖరీదు ఎవరో ఒకరు చెల్లిస్తారు. బండి నడిపే వాడు చెల్లించే ఖరీదు ఎంతో ఇప్పుడు చూద్దాం.

మైలేజీ నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. కారణం సులభం. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి వస్తుంది. లీటరు ఇథనాల్ మండితే వచ్చేది సుమారు 21 మాత్రమే. అనగా మూడింట రెండు వంతులు. ఈ లెక్కన ఈ-10 లీటరులో 30.9, ఈ-20 లీటరులో 29.8 మెగాజౌళ్ళు ఉంటాయి. ఈ-10 నుంచి ఈ-20కి మారినప్పుడు లీటరుకు మూడున్నర శాతం శక్తి తగ్గిందన్నమాట. ఈ-0తో పోలిస్తే ఏడు శాతం దాకా తగ్గింది.

ప్రభుత్వం వారి అంచనా కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. నీతి ఆయోగ్, పెట్రోలియం శాఖ కలిసి 2021 జూన్‌లో విడుదల చేసిన నివేదికలో, ఈ-0 కోసం తయారై ఈ-10కి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాలకు ఈ-20 వాడితే మైలేజీ 3 నుంచి 4 శాతం, అటువంటి కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని రాశారు.

నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. రోజూ ఆఫీసుకు పది కిలోమీటర్లు వెళ్ళి వచ్చే వారికి అది లెక్కలోకి రాదు. కాని డెలివరీ చేసే కుర్రవాడి లెక్క వేరు. అతడు రోజుకు 120 కి.మీ. చొప్పున నెలకు 26 రోజులు తిరిగాడనుకుందాం. నెలకు 3,120 కి.మీ. అయింది. లీటరుకు 50 కి.మీ. ఇచ్చే బండి 48 ఇవ్వటం మొదలుపెడితే, ఇదివరకు 62.4 లీటర్లు పట్టిన చోట ఇప్పుడు 65 లీటర్లు పడుతుంది. 2025లో హైదరాబాదులో లీటరు సుమారు 107 రూపాయలు. ఆ ధర ప్రకారం నెలకు దాదాపు 280 రూపాయలు, సంవత్సరానికి 3,300కు పైగా అదనపు ఖర్చు. ఇంటికి పంపే డబ్బులో తగ్గేది ఇదే.

అయితే ఈ లెక్క ఇంకొక మాట కూడా చెబుతున్నది. మీ బండి మైలేజీ 50 నుంచి ఒక్కసారిగా 35కి పడిపోయిందంటే ఆ నేరమంతా ఇథనాల్ మీద వెయ్యకండి. ఇరవై శాతం ఇథనాల్ అంత నష్టం తీసుకురాలేదు. గాలి తక్కువైన టైరు, బిగుసుకున్న బ్రేకు, మురికి పట్టిన ఎయిర్ ఫిల్టర్, ఎండిపోయిన చైను, లీకవుతున్న పెట్రోలు పైపు - వీటిని ముందు చూడాలి.

కార్బొరేటర్ బండికి, ఇంజెక్షన్ బండికి తేడా

ఇంజన్లో పెట్రోలు ఒక్కటే మండదు, గాలితో కలిసి మండుతుంది. ఒక కిలో పెట్రోలు సరిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఎందుకంటే ఇథనాల్ అణువులోనే కొంత ఆక్సిజన్ ఉన్నది. ఈ-20కి లెక్క కడితే సుమారు 13.5 కిలోల గాలి సరిపోతుంది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 నిబంధనలు వచ్చేదాకా మామూలు బండ్లలో ఎక్కువ భాగం కార్బొరేటర్‌వే. కార్బొరేటర్‌కు తెలివి లేదు. దాని జెట్‌లో ఉన్న రంధ్రం ఎంతో అంతే పెట్రోలు వదులుతుంది. లోపల ఉన్నది ఈ-0యా, ఈ-20యా అన్నది దానికి తెలియదు. అందువల్ల ఈ-20 పోసినప్పుడు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అయిన పలచని మిశ్రమం ఇంజన్లోకి వెళ్తుంది. పొద్దున్నే స్టార్ట్ కావటానికి మొండికెయ్యటం, చోక్ ఎక్కువసేపు అవసరం కావటం, పికప్ తగ్గటం, ఐడ్లింగ్‌లో ఆగిపోవటం, ఇంజన్ మామూలు కంటే వేడెక్కటం దీని లక్షణాలు. పెట్రోల్లో ఆయిలు కలుపుకొని నడిచే పాత టూ-స్ట్రోక్ బండ్లు ఈ వేడిని ఇంకా తక్కువ తట్టుకుంటాయి.

ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ వైపు ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే అది కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ కొంచెం ఎక్కువ ఇంధనం చిమ్మిస్తుంది. కాబట్టి ఇంజెక్షన్ బండి ఈ-20తో సాఫీగా నడుస్తుంది, కాని తాగటం కొంచెం ఎక్కువ తాగుతుంది.

ఒక మేలు కూడా చెప్పుకోవాలి. ఇథనాల్ వల్ల పెట్రోలు ఆక్టేన్ సంఖ్య పెరుగుతుంది. మామూలు పెట్రోలుకు 91 ఉంటే ఈ-20కి 95 దాకా వస్తుంది. అంటే ఇంజన్లో టకటకమని నాకింగ్ తగ్గుతుంది. కాని ఈ మేలును పూర్తిగా వాడుకోవాలంటే ఇంజన్‌ను దానికి తగినట్లు తయారు చేసి ఉండాలి. పాత ఇంజన్‌కు దీనివల్ల పెద్దగా కలిసి వచ్చేది లేదు.

రబ్బరు, లోహం

ఇథనాల్ మంచి ద్రావకం. పాత ట్యాంకు గోడలకు పట్టిన జిగురును, తుప్పును కడిగి కిందికి తెస్తుంది. అదంతా ఫిల్టర్‌లో, జెట్‌లో అడ్డం పడుతుంది. పాత బండి ఈ-20 మొదలుపెట్టిన కొత్తల్లో మిస్సింగ్ కొట్టటానికి ఇది ఒక కారణం. రెండవది, పాతకాలం రబ్బరు పైపులు, వాషర్లు, ఓ-రింగులు, కొన్ని ప్లాస్టిక్ భాగాలు ఇథనాల్‌లో నాని ఉబ్బుతాయి, ఆరినప్పుడు పగుళ్ళు వస్తాయి. మూడవది, ఇథనాల్ నీటిని పట్టుకొని ఉంటుంది గనుక కార్బొరేటర్‌లోని జింకు, అల్యూమినియం, ఇత్తడి భాగాలు పాడయ్యే అవకాశం ఎక్కువ.

2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఈ భాగాలన్నీ ఈ-20ని తట్టుకొనే పదార్థాలతో చేస్తున్నారు. అంతకు ముందు బండ్ల గురించి 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో, కొన్ని పాత వాహనాలలో 20,000 నుంచి 30,000 కి.మీ. తిరిగిన తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని, ఆ ఖర్చు తక్కువేనని పేర్కొన్నారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఆఫీసుకు మాత్రమే వెళ్ళే వారికి 30,000 కి.మీ. అంటే నాలుగైదేళ్ళు. కాని పైన లెక్క వేసిన డెలివరీ కుర్రవాడికి 20,000 కి.మీ. ఆరున్నర నెలల్లో, 30,000 కి.మీ. పది నెలల్లోపే పూర్తవుతాయి. ఒకే నియమం ఇద్దరికి రెండు రకాలుగా తగులుతుంది. తక్కువ ఖర్చే అనే మాట నిజమే, కాని ఆ తక్కువ ఖర్చు ప్రతి సంవత్సరం వచ్చేది పాత బండి మీద ఎక్కువ తిరిగే పేదవాడికే. కాబట్టి అతడు సర్వీసింగ్‌ను నెలలతో కాదు, కిలోమీటర్లతో లెక్క పెట్టుకోవాలి.

అసలు శత్రువు నీరు

అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇది. ఇథనాల్ లేని పెట్రోల్లో నీళ్ళు పడితే అవి కలవవు, అడుగుకు చేరతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. 15 డిగ్రీల చల్లదనంలో లీటరు ఈ-10 సుమారు 5 మి.లీ. నీటిని ఇముడ్చుకోగలదు, ఈ-20 ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటితే మిశ్రమం విడిపోతుంది. నీరు, దానితో పాటు ఇథనాల్‌లో ఎక్కువ భాగం కలిసి ఒక పొరగా అడుగుకు దిగుతాయి. పెట్రోలు పైన తేలుతుంది. ట్యాంకు నుంచి ఇంజన్‌కు వెళ్ళే దారి అడుగునే ఉంటుంది. అంటే ముందుగా ఇంజన్‌లోకి వెళ్ళేది ఆ మండని నీళ్ళ పొరే. బండి ఆగిపోతుంది. అది అట్లాగే నిలిచి ఉంటే ట్యాంకు తుప్పు పడుతుంది, ఇంజెక్షన్ బండిలోనైతే ట్యాంకు లోపలి మోటారు దెబ్బతినవచ్చు.

గాలిలోని తేమ వల్ల నాలుగు రోజుల్లో ఇట్లా జరగదు. వానలో మూత రబ్బరు పగిలిన బండిని బయట నిలిపితే జరుగుతుంది. సైబర్ టవర్స్, బయోడైవర్సిటీ చౌరస్తాల దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో బండిని ఈడ్చిన తరువాత జరగవచ్చు. సెలవులకు ఊరికి పోతూ బండిని రెండు నెలలు హాస్టల్ బయట వదిలితే జరగవచ్చు. రోజూ తిరిగే బండి కంటే నిలిచి ఉన్న బండికే ఈ పెట్రోలు ఎక్కువ హాని చేస్తుంది. నీటి మోటార్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, జనరేటర్లు వంటి పెట్రోలు ఇంజన్లున్న రైతు కుటుంబాల వారు దీనిని బాగా గుర్తుంచుకోవాలి. అవి సంవత్సరంలో పది నెలలు మూలన పడి ఉండేవే కదా!

ఇతర దేశాలలో ఎట్లా ఉన్నది?

బ్రెజిల్‌లో పెట్రోల్లో 27 శాతం ఇథనాల్ కలిపి ఎన్నో ఏళ్ళు నడిపారు, 2025 ఆగస్టు 1 నుంచి దానిని 30 శాతం చేశారు. అక్కడి బండ్లు నడుస్తూనే ఉన్నాయి. కాని అవి ఆ ఇంధనం కోసమే తయారైనవి. ఏ పాళ్ళలో ఇథనాల్ పోసినా నడిచే మోటారు సైకిల్‌ను 2009లోనే అక్కడ అమ్మకానికి పెట్టారు. అమెరికాలో ఈ-10 మామూలే. ఈ-15ను మాత్రం 2001 తరువాతి కార్లకు అనుమతించి, మోటారు సైకిళ్ళకు, పడవలకు, గడ్డి కోసే యంత్రాలకు వాడరాదని బంకుల దగ్గర లేబుల్ అంటిస్తారు.

దీని నుంచి తేలేది ఏమిటంటే, ఇథనాల్ విషం కాదు. ఇంజన్ దానికి తగినదై ఉండాలి, లేదా వాడే వారికి ఎంపిక ఉండాలి. మన దగ్గర ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. కనుక పాత బండి యజమాని తన జాగ్రత్త తానే పడాలి.

మందు సీసాలు పనిచేస్తాయా?

పెట్రోల్లో మందులు కలపటం కొత్త కాదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లే అనే ఇంజనీరు సీసపు సమ్మేళనం కలిపితే నాకింగ్ పోతుందని కనిపెట్టాడు. ఇథనాల్‌తో కూడా నాకింగ్ తగ్గుతుందని అప్పటికే తెలుసు. అయినా కంపెనీలు సీసాన్నే ఎంచుకున్నాయి. ఆ సీసం పొగ పిల్లల మెదడును దెబ్బ తీస్తుందని తెలిసిన తరువాత కూడా దానిని మానటానికి దశాబ్దాలు పట్టింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి వచ్చింది. కాబట్టి సీసా మీద ఏమి రాసి ఉన్నా, అది ఏ పని చేస్తుందో అడిగి తెలుసుకోవటం మన హక్కు.

ఇప్పుడు దుకాణాలలో దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు. శుభ్రపరిచే డిటర్జెంట్ మందు ఇంజెక్టర్, వాల్వ్ మీది మసిని కొంత తీస్తుంది, అప్పుడప్పుడు వాడితే తప్పు లేదు. స్టెబిలైజర్ పెట్రోలు జిగురుగా మారటాన్ని ఆలస్యం చేస్తుంది. బండిని నెలల తరబడి నిలపబోయే ముందు తాజా పెట్రోల్లో కలిపితేనే దీని ఉపయోగం. ఆక్టేన్ బూస్టర్ మన 100 సి.సి. బండికి దండగ. ఈ-20 ఆక్టేన్ ఇప్పటికే దానికి చాలినంత ఉన్నది. ఇక నాలుగవది, నీటిని తీసివేస్తుందని చెప్పే మందు. వీటిలో చాలావరకు ఉండేది ఇంకొక రకం ఆల్కహాలే. కొద్ది చెమ్మకు పనికొస్తుందేమో గాని, ఒకసారి పొరలుగా విడిపోయిన పెట్రోలును ఏ మందూ బాగు చెయ్యలేదు. దానిని దించి పారబొయ్యటమే మార్గం. ఇథనాల్‌ను మాయం చేసే మందు కూడా ఏదీ లేదు. నెలకు 280 రూపాయల మైలేజీ నష్టాన్ని తప్పించుకోవటానికి అంతకంటే ఎక్కువ పెట్టి సీసాలు కొనటం అంటే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవటమే.

ల్యాబులో చేసి చూడదగిన ప్రయోగం

ఇంటర్, డిగ్రీ సైన్సు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీ లెక్చరర్ గారి సమక్షంలో, మంటకు దూరంగా, కాలేజీ ల్యాబులోనే దీనిని చెయ్యండి. 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీరు, 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి మెల్లగా కలిపి నిలపండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీటిలోకి వస్తుంది. అడుగున 10 మి.లీ. ఉన్న పొర 28 దాకా పెరిగితే, 90లో 18, అనగా 20 శాతం ఇథనాల్ అన్నమాట. నీరు, ఆల్కహాల్ కలిసినప్పుడు ఘనపరిమాణం కొంచెం కుంచించుకుంటుంది గనుక అంకె ఒకటి రెండు తక్కువ రావచ్చు.

మనం చెయ్యవలసినవి

1. మీ బండి ఏ తరానిదో ముందు తెలుసుకోండి. 2020కి ముందుదా, 2020-23 మధ్యదా, 2023 ఏప్రిల్ తరువాతదా? మాన్యువల్‌లోను, ట్యాంకు మూత దగ్గరి స్టిక్కర్ మీద ఏ ఇంధనమని రాసి ఉన్నదో చూడండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా ఇది చూడాలి.

2. పాత బండి అయితే పెట్రోలు పైపు, ఫిల్టర్, కార్బొరేటర్ వాషర్లు, ట్యాంకు మూత రబ్బరు ఒకసారి మార్పించండి. ఈ-20ని తట్టుకొనే రకం అడగండి. పెట్రోలు వాసన వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు, అది మంటకు దారి.

3. కార్బొరేటర్ ట్యూనింగ్ అనుభవం ఉన్న మెకానిక్‌తో చేయించండి. పలచబడ్డ మిశ్రమాన్ని సర్దటం అతని చేతిలో పని.

4. వానాకాలంలో బండిని నీడ పట్టున పెట్టండి. నీళ్ళలో మునిగిన బండిని వెంటనే స్టార్ట్ చెయ్యకుండా ట్యాంకు అడుగు పెట్రోలును గాజు సీసాలోకి దించి చూడండి. రెండు పొరలు కనిపిస్తే మొత్తం మార్చవలసిందే.

5. రెండు వారాలకు మించి బండి నిలిచి ఉంటుందంటే కార్బొరేటర్‌లోని పెట్రోలు దించెయ్యండి. పొలం ఇంజన్లకు సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చెయ్యండి.

6. బంకులో అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ పరీక్ష, 5 లీటర్ల కొలత అడగటానికి వెనుకాడవద్దు. అవి వినియోగదారుడి హక్కులు. బిల్లు తీసుకోండి.

7. ప్రతిసారీ ఎన్ని లీటర్లు పోశారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో ఒక చిన్న పుస్తకంలో రాయండి. మూడు నెలల లెక్క చేతిలో ఉంటే మెకానిక్ మాట, సీసా అమ్మేవాడి మాట రెండూ తూచి చూడవచ్చు.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళలో మొదటి వాహనం మన చేతి మీదుగా కొన్నదే. దాని గురించి చెప్పేందుకు ఇంట్లో పెద్దవారికి అనుభవం లేకపోవచ్చు. కాని మనం చదివిన రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం పరీక్ష పేపర్లో రాయటానికి మాత్రమే కాదు. పలచని మిశ్రమం అంటే ఏమిటో, నీటి పొర ఎందుకు అడుగుకు దిగుతుందో తెలిసిన వాడు పుకారుకు భయపడడు, మాయ సీసాకు డబ్బు పొయ్యడు. ఈ వ్యాసం చదివిన వారు తమ గదిలోని మరొకరికి, ఊరిలో పొలం ఇంజన్ ఉన్న నాన్నకు, బాబాయికి ఈ సంగతులు చెప్పాలని కోరుకుంటున్నాను.